కింది వాల్వు

2012వ సంవత్సరం, జనవరి నెల. ఎర్జురూమ్‌లో నలభై రోజుల గడ్డు చలి సరిగ్గా సగానికి వచ్చింది. రాత్రిళ్లు సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి దిగుతోంది. చూరులకి మంచు ఈటెలు మనిషి పొడవున వేలాడేవి. మునిసిపాలిటీవాళ్లు వాటిని గడకర్రలతో కొట్టి పడేసేదాకా ఎవరూ గోడవార నడిచేవాళ్లు కాదు.

అప్పటికి ఇరవై రెండేళ్లుగా నేను ఒకే భవనంలో బాయిలర్ చూస్తున్నాను. నాలుగంతస్తులు, పదహారు ఇళ్లు. నేలమాళిగలో బాయిలర్, దాని పక్కన నా గది. మొదట్లో బొగ్గు పోసేవాణ్ణి, తర్వాత గ్యాస్ వచ్చింది. బొగ్గు పోయింది కాబట్టి నా పని తేలికైందని ఇళ్లవాళ్లు అనుకున్నారు. కాలేదు. మంట పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ వేడిని పదహారు ఇళ్లకీ సరిగ్గా పంచడమే పని. ఒక ఇల్లు ఉడికిపోకూడదు, ఇంకో ఇల్లు వణికిపోకూడదు.

ప్రతి రేడియేటర్‌కీ రెండు వాల్వులుంటాయి. పైది ఇంటివాళ్లది. వాళ్ల ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవచ్చు. కిందిది నాది. దానికి ఒక ఇత్తడి టోపీ బిగించి ఉంటుంది. టోపీ తీసి, లోపల అలెన్ కీ పెట్టి తిప్పితే తప్ప కదలదు. కింద నేను బిగించేస్తే పైన వాళ్లు ఎంత తిప్పినా నీళ్లు అంతే వస్తాయి. అసలు అలాంటిది ఒకటుందని చాలామందికి తెలీదు కూడా.

ఆ ఏడు చలికాలం ముందు ప్రభుత్వం రూలు పెట్టి పై వాల్వులన్నీ మార్పించింది. కొత్తవాటి తల మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు, అంకెలకి ముందు ఒక మంచుపువ్వు బొమ్మ. గది వేడెక్కితే అది తనంతట తనే మూసుకుంటుంది, చల్లబడితే తెరుచుకుంటుంది. దాంతోపాటు ఇచ్చిన కాగితం భవనంలో ఎవరూ చదవలేదు. నేను చదివాను. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, అచ్చులో ఏది కనబడినా చివరిదాకా చదవందే వదలను.

మూడో అంతస్తులో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లు. పెద్దావిడ మాహినూర్, డెబ్బై నాలుగేళ్లు. చిన్నావిడ నెఫీసే, అరవై ఆరు. భర్తలు పోయాక ఇద్దరూ ఆ ఇంట్లో కలిసి ఉంటున్నారు. నేను వాళ్లని పెద్దక్కా, చిన్నక్కా అని పిలిచేవాణ్ణి. నన్ను భవనంలో అందరూ ఉస్తా అనేవాళ్లు, అంటే పనితనం తెలిసిన మేస్త్రీ అని. ఎండ పడే దక్షిణపు గది పెద్దావిడది. గాలి కొట్టే ఉత్తరపు గది చిన్నావిడది. రెండు గదులకీ ఒకటే గొట్టం. వేడినీళ్లు ముందు మాహినూర్ రేడియేటర్‌లోకి వెళ్తాయి, అక్కడ మిగిలిన వేడితో నెఫీసే గదికి వస్తాయి. మాహినూర్ తన వాల్వు ఎప్పుడూ అయిదు మీదే పెట్టేది. దాంతో చెల్లెలి గదికి వచ్చేది గోరువెచ్చటి నీళ్లే.

నెఫీసే లేసు అల్లేది. నవంబరులో ఒక పొద్దున నాకోసం వెన్న రొట్టె గుడ్డలో చుట్టుకుని కిందికి వచ్చింది. ఆవిడ వేళ్ల కణుపులు ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఎండా ఆవిడకే, వేడీ ఆవిడకే, ఉస్తా. పుట్టినప్పట్నుంచీ ఇంతే. కాస్త ఇటు తిప్పవూ?" అంది.

నేను కుదరదని చెప్పి ఉండొచ్చు. లేదా పైకి వెళ్లి, 'పెద్దక్కా, వాల్వు మూడు మీద పెట్టుకోండి, మీ చెల్లెలు చలికి చస్తోంది' అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. బొగ్గు రోజుల్లో ఒకసారి మెట్ల మీద, పదిమంది వింటూండగా మాహినూర్ నన్ను ఒక మాట అంది. 'బూడిద మోసేవాడివి, నీకు నీళ్ల సంగతి ఏం తెలుస్తుంది' అని. పదేళ్లు గడిచిపోయాయి. నేను మర్చిపోయే రకం కాదు.

మాహినూర్ బజారుకి వెళ్లిన వేళ చూసుకుని, ఆవిడ గదిలో కింది వాల్వు టోపీ తీసి ముప్పాతిక వంతు బిగించేశాను. దాంతో వేడినీళ్లు ఆవిడ రేడియేటర్‌లోకి ఎక్కకుండా, దాని అడుగున ఉన్న పక్క గొట్టంలోంచి నేరుగా చెల్లెలి గదికి పోతాయి. నెఫీసే ఆ రొట్టె మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అడిగింది తనే అని ఎవరికీ చెప్పకూడదు, అక్కకి అసలే చెప్పకూడదు. మా ఊళ్లో ఖురాను మీద వేసిన ఒట్టు తప్పినవాళ్లని చూశాను గాని, రొట్టె మీద ఒట్టు తప్పినవాణ్ణి చూడలేదు. చెప్పనన్నాను.

డిసెంబరు నుంచి మాహినూర్ నన్ను పిలవడం మొదలుపెట్టింది. వాల్వు అయిదు మీదే ఉంది, గది మాత్రం వేడెక్కడం లేదంది. నాలుగుసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడమనేది. పెట్టేవాణ్ణి. చేప ఒళ్లు తగిలినట్టుండేది.

"వేడిగానే ఉంది పెద్దక్కా. మీ ఒంట్లో రక్తమే చల్లబడింది" అనేవాణ్ణి.

నాలుగోసారి ఆవిడ తన చెయ్యి ముందు ఆ ఇనుము మీద పెట్టింది, తర్వాత నా చేతి మీద పెట్టింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. అప్పటికే ఆవిడకి దగ్గు పట్టుకుంది.

జనవరి పద్దెనిమిది, బుధవారం. పొద్దున నెఫీసే టీ తీసుకెళ్లి లేపితే మాహినూర్ లేవలేదు. మూడు దుప్పట్లు, వాటి మీద కోటు, కోటు మీద నమాజు చాప కూడా కప్పుకుని పడుకుని ఉందట. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందన్నాడు. మధ్యాహ్నానికి మసీదు మైకులో ఆవిడ పేరు చదివారు. వీధిలో ఆడవాళ్లు వచ్చి స్నానం చేయించారు, కర్పూరం, గులాబీ నీళ్లు చల్లారు, తెల్లటి కఫన్ చుట్టి రెండు చివర్లా ముడి వేశారు. పొట్ట ఉబ్బకుండా దాని మీద ఇనప కత్తెర పెట్టారు. అంతా అయ్యేసరికి మంచు తుఫాను పట్టుకుంది. ఖబరస్తాన్ దారి మూసుకుపోయిందనీ, తెల్లారితే గాని బండి రాదనీ మునిసిపాలిటీ నుంచి ఫోను వచ్చింది.

ఇమాం మోకాళ్ల లోతు మంచులో నడిచి వచ్చాడు. రాత్రంతా శవం ఇంట్లో ఉండాలి కాబట్టి గది వీలైనంత చల్లగా ఉంచమన్నాడు. స్నానం చేయించిన దేహం పాడవకుండా మట్టికి చేరాలి. అది మా అందరి పూచీ అన్నాడు. వెళ్లబోతూ, ఈవిడ మీద మీకున్న హక్కులు వదిలేస్తున్నారా అని అడిగాడు. ఎవరు పోయినా అడిగే ప్రశ్నే. గదిలో ఉన్నవాళ్లమంతా వదిలేశామన్నాం. మా మీద ఆవిడకున్న హక్కులు ఆవిడ వదిలేసిందా అని మాత్రం ఎవరూ అడగరు. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు. మనిషికి చేసింది ఆ మనిషే మన్నించాలి. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నెఫీసే తల ఎత్తలేదు.

నేను కిందికి వచ్చేశాను.

నాలుగింటికే చీకటి పడింది. బాయిలర్ గదిలో ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. వేడెక్కిన దుమ్ము వాసన, పంపు సన్నటి మూలుగు. టీ పోసుకుని, చక్కెర గడ్డ బుగ్గన పెట్టుకున్నానో లేదో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఎదురింటి సిద్దికా వదిన. శవం దగ్గర కూర్చుని ఖురాను సూరాలు చదువుతున్నది ఆవిడే.

పైకి రమ్మంది. రేడియేటర్ మూసేశారట, కిటికీ బార్లా తెరిచేశారట, అయినా అది తందూరు పొయ్యిలా కాలిపోతోందట.

వెళ్లి చూస్తే నిజమే. కిటికీలోంచి మంచు లోపలికి కొడుతోంది. కిటికీ కింద రేడియేటర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. పై వాల్వు మంచుపువ్వు బొమ్మ మీద ఉంది. ఎవరు తిప్పారని అడిగితే సిద్దికా తనే తిప్పానంది. మంచు బొమ్మ ఉంది కదా, అక్కడ పెడితే చల్లబడుతుందనుకుందట. భవనం మొత్తంలో అందరూ అలాగే అనుకునేవాళ్లు. ఆ బొమ్మ అంటే మూసేసినట్టు కాదు. గదిలో వేడి ఆరు డిగ్రీలకి దిగితే, గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా వాల్వు తనంతట తనే తెరుచుకుంటుంది. వీళ్లు ఆ చలిలో కిటికీ తెరిచారు. ఇల్లు గడ్డకట్టిపోతోందనుకుని వాల్వు పూర్తిగా నోరు తెరిచింది.

"కాగితంలో రాశారు వదినా, చదివుంటే తెలిసేది" అన్నాను.

"కాగితాలు చదివే ఓపికుంటే నిన్నెందుకు పిలుస్తాను?" అంది సిద్దికా. మళ్లీ తస్బీ పూసల దండ అందుకుంటూ, బతికినన్నాళ్లూ వేడి చాల్లేదని ఆవిడ ఏడ్చింది, పోయాక వేడి ఎక్కువైందని మనం ఏడుస్తున్నాం అని గొణిగింది.

గోడవార నిలబడ్డ నెఫీసే నా వైపు చూసింది. నేను వంగి కింది వాల్వు టోపీ తీశాను. తీస్తూండగా అనుమానం వచ్చింది. ఇది నేను ముప్పాతిక వంతు బిగించిన వాల్వు. పైది ఎంత తెరుచుకున్నా ఇందులోంచి ఇంత వేడి పారడానికి వీల్లేదు.

కీ పెట్టి చూశాను. వాల్వు పూర్తిగా తెరిచి ఉంది.

ఆ భవనంలో ఆ కొలత కీ నా జేబులో ఉన్నదొక్కటే. నెఫీసే వైపు చూశాను. లేదన్నట్టు తల ఊపింది. కీ నాలుగు చుట్లు తిప్పి, ఇంక కదలదన్నంత దాకా బిగించాను. అరగంటలో చల్లబడుతుందని చెప్పి కిందికి వచ్చేశాను.

అయిదున్నరకి సిద్దికా మళ్లీ వచ్చింది. ఈసారి మెట్లన్నీ దిగలేదు, మలుపులోనే నిలబడింది. ఆవిడ కంటే ముందు వాసన వచ్చింది. కర్పూరం. వేడికి కాగిన కర్పూరం, గులాబీ నీళ్లు కలిసిన వాసన మెట్ల మీదుగా నేలమాళిగ దాకా దిగింది.

"నీ పనితనం ఏదో చూసుకో ఉస్తా. నేను మా ఆయనకి సూపు పెట్టాలి" అంది. ఎక్కుతూండగా ఆవిడ అడుగులు వినబడ్డాయి. మూడో అంతస్తుకి వచ్చేసరికి పరుగెత్తింది. తర్వాత వాళ్ల తలుపు గడియ పడింది.

నేను పైకి వెళ్లాను. నెఫీసే గది బయట నడవాలో నిలబడి ఉంది. రెండు శాలువాలు కప్పుకుని ఉంది, అయినా పళ్లు టకటకలాడుతున్నాయి. తన గదిలో రేడియేటర్ మండిపోతోందట. తనకి మాత్రం చలేస్తోందట.

ఇద్దరం లోపలికి వెళ్లాం.

కిటికీ తెరిచే ఉంది. గట్టు మీద నాలుగు వేళ్ల మందాన మంచు పేరుకుంది. రేడియేటర్ దానికి జానెడు కిందే ఉంది. ముందు రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశాను. చురుక్కుమంది. గట్టు మీది మంచు కరగడం లేదు. ఒక్క చుక్క కూడా కారలేదు.

నీళ్లొచ్చే గొట్టం పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. నీళ్లు పోయే గొట్టం పట్టుకున్నాను. అదీ చల్లగానే ఉంది. రెండు చల్లటి గొట్టాల మధ్య ఇనుము కాలుతోంది.

ఇరవై రెండేళ్లుగా రేడియేటర్లతో బతికినవాణ్ణి. అలా జరగడానికి వీల్లేదు. భయం వేయలేదు, కోపం వచ్చింది. ఒక ఇనప ముక్క నన్ను వెక్కిరిస్తున్నట్టనిపించింది. లోపల వేడినీళ్లు ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి, మొత్తం దించేస్తే సరి అనుకున్నాను. నెఫీసేని బేసిను తెమ్మన్నాను. పై వాల్వు తల తీసి దానికీ ఒక టోపీ బిగించి మూసేశాను. గాలి తీసే చిన్న మర ఒకటి పైన మూల ఉంటుంది, అది వదులు చేసి, అడుగు బిరడా విప్పాను.

నల్లటి నీళ్లు దిగాయి. నెఫీసే బేసిను పట్టుకుంది. నీళ్లు తగలగానే చేతులు వెనక్కి లాక్కుంది.

కాలిందా అని అడిగాను. ఆవిడ బేసిన్లోకి చూస్తోంది. నేనూ చూశాను. నల్లటి నీళ్ల మీద మంచు పెళ్లలు తేలుతున్నాయి. గాజు పెంకుల్లాంటి మంచు పెళ్లలు... కాలుతున్న రేడియేటర్‌లోంచి.

నీళ్లన్నీ దిగిపోయాయి. ఇప్పుడది ఖాళీ. అయినా లోపల ఇనుము వేడెక్కుతున్నప్పుడు వచ్చే చప్పుడు వస్తోంది. టిక్... టిక్... టిక్...

నెఫీసే నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్లు నా చొక్కాలోంచి కూడా చల్లగా తగిలాయి.

"ఆవిడకి తెలిసిపోయింది, ఉస్తా" అంది గుసగుసగా.

"పోయినవాళ్లకి ఏం తెలుస్తుంది చిన్నక్కా..."

"నా పేరు చెప్పకు. ఏం చేసినా సరే... చెప్పకు. ఒట్టు వేశావు."

చెప్పనన్నాను. వెళ్లి తన గదిలో రేడియేటర్‌కి వీపు ఆనించి కూర్చోమన్నాను. బొంత కప్పుకోమన్నాను. ఈ పని చూసుకుని వస్తానన్నాను. ఆవిడ గోడ పట్టుకుంటూ నడవాలోంచి వెళ్లింది. తలుపు మూసుకున్న చప్పుడు విన్నాను.

నేనూ ఆ గదిలోంచి వచ్చేయాల్సింది. మర, బిరడా బిగించేసి, శవం దగ్గర కూర్చోవడానికి ఇంకెవరినైనా పిలిచి, నేలమాళిగకి వెళ్లిపోవాల్సింది. కానీ పని సగంలో వదిలేయడం నాకు చేతకాదు. దీపం దగ్గరికి లాక్కుని రేడియేటర్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నా వెనక మంచం. మంచం మీద ఆవిడ.

తుఫాను ఒక్కసారిగా ఆగింది. మంచు పడేటప్పుడు ఊరంతా ఒక గుసగుస ఉంటుంది. అది కూడా ఆగిపోయింది.

అప్పుడు వినబడింది. గాలి తీసే మర దగ్గర. చిన్న కన్నం అది, అగ్గిపుల్ల దూరేంత. ఖాళీ రేడియేటర్ గాలి పీలుస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. స్... అని లోపలికి పీల్చింది.

తర్వాత బయటికి వదిలింది.

మళ్లీ లోపలికి. మళ్లీ బయటికి. తడి గాలి నా మణికట్టుకి తగిలింది. కర్పూరం వాసన వేసింది. ఊపిరి మధ్యలో సన్నటి గరగర. దగ్గుకి ముందు గొంతులో వచ్చే గరగర.

మర బిగించేద్దామని ఎడమచేత్తో కీ పట్టుకుని, ఆనుకోవడానికి కుడిచెయ్యి రేడియేటర్ మీద వేశాను.

చెయ్యి రాలేదు.

లాగాను. రాలేదు. అరచెయ్యి మొత్తం ఇనుముకి అతుక్కుపోయింది. ముందు చురుక్కుమంది, తర్వాత మంట. మంట మణికట్టు దాటి మోచేతికి పాకింది.

"వేడిగా ఉందా..."

కన్నంలోంచి వచ్చింది. గొంతు కాదు అది, గాలి. కానీ మాట మాటే.

"ఉంది" అన్నాను.

"ఇప్పుడుందా... అప్పుడుందా?"

నా వెనక మంచం మీద కఫన్ బట్ట కదిలిన చప్పుడైంది. ఆకు మీద ఆకు రాసుకున్నంత చిన్న చప్పుడు. నేను తల తిప్పలేదు. తిప్పలేదు... ఇప్పటికీ ఆ ఒక్క పని చేయనందుకే బతికి ఉన్నాననుకుంటాను.

"అప్పుడు లేదు పెద్దక్కా" అన్నాను. "అబద్ధం చెప్పాను. మూసింది నేనే. నన్ను మన్నించండి."

టిక్... టిక్... ఊపిరి లోపలికి. ఊపిరి బయటికి.

"ఎవరు అడిగారు నిన్ను?"

చెయ్యి మళ్లీ లాగి చూశాను.

వేడి పెరిగింది. మాంసం కాలే వాసన రావాలి. రాలేదు. కర్పూరమే. కంట్లోంచి నీళ్లు కారి చెంప మీదే గడ్డకట్టాయి. అంటే గది చల్లగానే ఉంది. చెయ్యొక్కటే కాలుతోంది.

"ఎవరూ అడగలేదు. నా అంతట నేనే చేశాను. బూడిద మోసేవాడివన్నారు మీరు... ఆ కక్షతో చేశాను."

అది అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజం చెప్పి బయటపడిపోవచ్చనుకున్నాను. జీవితమంతా అలాగే గడిపాను. ఇళ్లవాళ్లతో, భార్యతో, అధికార్లతో.

వెనక కత్తెర జారింది. ఇనుము నేల మీద పడిన చప్పుడు. తర్వాత ఇంకేం చప్పుడూ లేదు. దీపం వెలుగులో గోడ మీద నా నీడ ఉంది. నా నీడ వెనక ఇంకాస్త నలుపు ఉన్నట్టనిపించింది. నా మెడ మీద వెంట్రుకలకి ఏదో తగిలింది. బట్ట అంచు కావచ్చు. గాలి కావచ్చు.

"ఎవరు..."

ఈసారి కన్నంలోంచి కాదు. నా చెవి పక్కన.

మొండివాణ్ణని ఊరంతా అంటుంది. నేనూ అనుకునేవాణ్ణి. ఆ మొండితనం ఎంతసేపు నిలబడిందో ఇవాళ ఉన్నదున్నట్టు రాస్తాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలనుకున్నాను. వంద దాకా ఓర్చుకుందామనుకున్నాను. పదకొండు దాకా వచ్చాను. భుజం దాకా మంట వచ్చేసింది. ఇంకాస్త పాకితే గుండె.

"నెఫీసే" అన్నాను.

ఆ పేరు నోట్లోంచి రావడం, చెయ్యి ఊడి రావడం ఒక్కసారే జరిగాయి. వెనక్కి పడిపోయాను. అరచెయ్యి దీపం దగ్గర పెట్టి చూసుకున్నాను. బొబ్బ లేదు. ఎర్రదనం కూడా లేదు. రేడియేటర్‌ని వేలి కొసతో తాకాను. చల్లగా ఉంది. మామూలు చల్లటి ఇనుము. గదిలో చలి ఎలా ఉండాలో అలాగే ఉంది. కత్తెర నేల మీద ఉంది, ఆవిడ మంచం మీద ఉంది. కఫన్ ముడులు రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. పని అయిపోయింది. గది చల్లబడింది. తెల్లారేదాకా దేహానికి ఏమీ కాదు, ఇమాం మా మీద పెట్టిన పూచీ తీరింది. కత్తెర తీసి మళ్లీ యథాస్థానంలో పెట్టాను. మర బిగించాను, బిరడా బిగించాను, కింది వాల్వు టోపీ పెట్టాను. బేసిన్లో నీళ్లు బాత్‌రూమ్‌లో పారబోశాను. మంచు పెళ్లలు రాళ్ల నేల మీద గలగలా జారిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి పేరు చెప్పానో.

నడవా నిండా వెచ్చదనం ఉంది. నెఫీసే గది వైపు నడుస్తున్నకొద్దీ ఇంకా వెచ్చగా అయింది. తలుపు కిందనుంచి వెలుతురు వస్తోంది.

"చిన్నక్కా, చల్లబడింది. ఇంక భయం లేదు" అన్నాను.

తలుపు తోశాను. వేడిగాలి మొహానికి కొట్టింది. గది ఆవిరి స్నానాల హమామ్‌లా ఉంది, కిటికీ అద్దాల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆవిడ నేను చెప్పినట్టే కూర్చుని ఉంది. రేడియేటర్‌కి వీపు ఆనించి, బొంత గడ్డం దాకా లాక్కుని. కళ్లు తెరిచే ఉన్నాయి, తలుపు వైపే చూస్తున్నాయి. కనురెప్పల వెంట్రుకల మీద, కనుబొమల మీద, పై పెదవి మీద తెల్లగా నూగు మంచు పేరుకుని ఉంది. ఆ వేడిలో అది కరగడం లేదు.

మసీదు నుంచి రాత్రి నమాజు పిలుపు వచ్చేసరికి సిద్దికా వాళ్ల తలుపు కొడుతున్నాను.

మంచు తీసే బండి వెనక నడిచి డాక్టరు తొమ్మిదింటికి వచ్చాడు. పొద్దున వచ్చినతనే. ముందు కోటు విప్పాడు, తర్వాత స్వెట్టరు విప్పాడు. నెఫీసే చెయ్యి మడవడానికి చూశాడు, మడత పడలేదు. ఎన్ని గంటలు బయట ఉందని అడిగాడు. బయటికి వెళ్లలేదని సిద్దికా, నేను ఇద్దరం చెప్పాం. అతను నమ్మలేదు. మెట్ల మీద, వాకిట్లో తడి అడుగుల కోసం వెతికి వచ్చాడు. ఏమీ లేవు.

ఇద్దరు అక్కచెల్లెళ్లనీ మర్నాడు పొద్దున ఒకే బండిలో తీసుకెళ్లి పక్కపక్కన పూడ్చారు. నెఫీసే కాగితంలో చావుకి కారణం అన్నచోట డాక్టరు 'చలి' అని రాశాడు. రాసేటప్పుడు ఆ గది గోడ మీది థర్మామీటరు ముప్పై ఒక డిగ్రీ చూపిస్తోంది.